ఎసరు నుంచి తోడు దాకా: తెలుగింటి భోజనం వండే తీరు

తెలుగింటి భోజనానికి అన్నమే ఇరుసు. పప్పు, కూర, పచ్చడి, పులుసు, చారు, పెరుగు అన్నీ అన్నంలో కలుపుకోవడానికే తయారవుతాయి. అందుకే వాటిలో ఉప్పు, కారం, పులుపు కాస్త ఎక్కువ పాళ్ళలోనే పడతాయి. గోంగూర పచ్చడిని ఉత్తగా నాలుక మీద వేసుకుంటే కళ్ళు మూసుకుపోతాయి. అదే పచ్చడి వేడి అన్నంలో, నేతితో, పక్కన ఉల్లిపాయ ముక్కతో కలిస్తే సరిగ్గా సరిపోతుంది. చేయి తిరిగిన వంటగత్తె ఉప్పు చూసేటప్పుడు ముద్దలో ఎంత నిలుస్తుందో లెక్క వేసుకుంటుంది. గిన్నెలోని రుచి ఆమెకు సగం లెక్కే.

ఈ వంటకు లోకంలో పేరు తెచ్చింది కారం. దాన్ని నిలబెట్టింది మాత్రం కారం కాదు. పులుపు ఏ వేళకు పడాలో తెలియడం, పోపు పెట్టడం, రోట్లో నూరడం ఈ వంటలోని అసలు విద్యలు. దినుసులు మారుతూ వచ్చాయి, ఇంకా మారతాయి. ఈ పనులు మాత్రం చేతి నుంచి చేతికి అందుతూ వచ్చాయి.

వంట ఎసరుతో మొదలవుతుంది. ఎసరంటే అన్నం కోసం పొయ్యి మీద పెట్టిన నీళ్ళు. అవి మరుగుతుండగా కడిగిన బియ్యం పోస్తారు. తర్వాత రెండు దారులున్నాయి. నీళ్ళు ఎక్కువగా పోసి, మెతుకు ఉడికాక మిగిలినవి వంచేస్తే అది గంజి వార్చిన అన్నం. బియ్యానికి సరిగ్గా సరిపడే నీళ్ళే పోసి, సన్నని సెగ మీద ఇగిరిపోనిస్తే అత్తెసరు అన్నం. బొటాబొటీగా గట్టెక్కిన పరీక్షకు అత్తెసరు మార్కులు అనే మాట ఈ వంటింటి నుంచే వచ్చింది. గంజి వార్చిన అన్నం పొడిపొడిగా వస్తుంది గానీ నీటిలో కరిగే బి విటమిన్లు కొన్ని గంజితో పోతాయి. పూర్వం ఆ గంజిని పారబోసేవారు కాదు. ఉప్పు, మజ్జిగ కలుపుకుని తాగేవారు, మిగిలింది నూలు బట్టలకు పెట్టేవారు. కుక్కర్ వచ్చాక అత్తెసరే ఇంటింటి పద్ధతయింది.

బియ్యం వయసు కూడా చూసుకోవాలి. కొత్త బియ్యానికి గ్లాసుకు రెండు గ్లాసుల కంటే కాస్త తక్కువ నీళ్ళు చాలు. ఏడాది నిల్వ ఉన్న పాత బియ్యం రెండున్నర గ్లాసుల దాకా తాగుతుంది, మెతుకు విడివిడిగా నిలుస్తుంది. బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, సన్నని గింజతో, మెత్తగా ఉడికినా ముద్దకట్టని గుణంతో తెలుగు ఇళ్ళలో స్థిరపడిపోయింది. పప్పునూ పులుసునూ పీల్చుకుంటూనే మెతుకు చెదరకుండా ఉండటం ఈ భోజనానికి కావలసిన లక్షణం. బాసుమతి ఎంత పరిమళమున్నదైనా చారన్నానికి ఒప్పదు.

అన్నం పొయ్యెక్కిన వెంటనే పక్క పొయ్యి మీద పప్పు ఎక్కుతుంది. కందిపప్పును అరగంట నానబెడితే త్వరగా, సమంగా ఉడుకుతుంది. ముద్దపప్పుకైతే ముందు దోరగా వేయించాలి. పచ్చివాసన పోయి, వంటిల్లంతా కమ్మటి వాసన అలుముకునేదాకా వేయిస్తే చాలు, రంగు ముదరనివ్వకూడదు. పసుపు, నాలుగు చుక్కల నూనె వేస్తే పప్పు పొంగి పొర్లడం తగ్గుతుంది. ఇక్కడే కొత్తగా వంట నేర్చుకునేవారు ఎక్కువగా పొరబడే చోటు వస్తుంది. మామిడికాయ పప్పు, గోంగూర పప్పు, చింతచిగురు పప్పు వండేటప్పుడు పులుపును మొదటే పప్పుతో కలిపితే ఎంతసేపు ఉడికినా గింజ పలుకుగానే ఉండిపోతుంది. గింజ గోడల్లో ఉండే పెక్టిన్ పులుపులో త్వరగా కరగదు. అందుకని పప్పు మెత్తబడిన తర్వాతే పులుపు కలపాలి, లేదా పుల్లని కూరను వేరే గిన్నెలో ఉడికించి ఆఖర్న చేర్చాలి. సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్ళలోనూ పప్పు ఇలాగే మొరాయిస్తుంది. అలాంటి ఊళ్ళలో పప్పుకు మాత్రం మంచినీళ్ళు వేరుగా తెచ్చుకునేవారు.

పప్పూ అన్నం కలిపి తినడంలో ఒక లెక్క ఉంది. బియ్యంలోని మాంసకృత్తుల్లో లైసిన్ తక్కువ, పప్పులో అది పుష్కలం. పప్పులో గంధకం కలిసిన ఆమైనో ఆమ్లాలు తక్కువ, బియ్యంలో అవి మెరుగు. ఒకదాని కొరతను ఇంకొకటి తీరుస్తుంది. పెళ్ళి విందులోనూ రోజువారీ భోజనంలోనూ మొదటి ముద్ద పప్పూ నెయ్యిదే కావడం ఆకలి మీద ఉన్నప్పుడే ఈ బలమైన తిండి కడుపులో పడేలా చేస్తుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు క్రాన్‌బెర్రీలతో పప్పు వండుకుంటున్నారు. పుల్లని ఆకుపచ్చ ఆపిల్‌ను మామిడికాయలా తరిగి పచ్చడి చేస్తున్నారు. వీటిని సర్దుబాటు వంటలని చిన్నచూపు చూడనక్కర్లేదు. పప్పు విడిగా మెత్తబడాలి, పులుపు ఆలస్యంగా పడాలి, పైన పోపు పడాలి అన్న క్రమం తప్పలేదు కాబట్టి అవి నికార్సైన తెలుగు వంటలే.

పోపు, తాలింపు, తిరగమాత అని మూడు పేర్లున్న ఆ పని రెండు మూడు నిమిషాలకు మించదు. వంట మొత్తంలో కన్నార్పకూడని నిమిషాలు మాత్రం అవే. నూనె గానీ నెయ్యి గానీ కాగాక ముందుగా పచ్చిశనగపప్పు, మినపప్పు వేయాలి, ఎందుకంటే అవి నిదానంగా వేగుతాయి. అవి లేత బంగారు రంగుకు తిరుగుతుండగా ఆవాలు వేయాలి. ఆవగింజ లోపలి తడి ఆవిరై పొట్టును పగలగొట్టడమే ఆ చిటపట. ఆ చప్పుడు తగ్గుముఖం పట్టగానే జీలకర్ర, తుంచిన ఎండుమిరపకాయలు పడాలి. చివర్న చిటికెడు ఇంగువ, తడి ఆరిన కరివేపాకు. మెంతులు వేసే పోపైతే వాటి మీదే కళ్ళుండాలి. ఎర్రబడితే కమ్మదనం, నల్లబడితే చేదు, ఆ రెండింటికీ మధ్య కొన్ని క్షణాలే ఉంటాయి. ఒక్క దినుసు మాడినా పోపంతా తీసేసి మళ్ళీ మొదలుపెట్టడమే మంచిది. మాడిన పోపును ఏ పప్పూ దాచలేదు.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, ఈ దినుసుల వాసనల్లో చాలా మటుకు నీటిలో కరిగేవి కావు, నూనెలోనూ నేతిలోనూ కరిగేవి. పసుపులోని రంగు, మిరపకాయలోని కారం, కరివేపాకు పరిమళం అన్నీ కొవ్వు పట్టుకునే గుణాలే. నీళ్ళలో ఎంత ఉడికించినా గింజలోనే ముడుచుకుని ఉండే రుచి కాగిన నూనె తగలగానే బయటికి వస్తుంది. ఆ నూనె పప్పు మీద పరుచుకుని ప్రతి ముద్దతోనూ నాలుకకు అందుతుంది. ఈ వాసనలు ఆవిరితో ఎగిరిపోయేవి కూడా. అందుకే పప్పుకు, చారుకు, పచ్చడికి పోపు ఆఖర్న పడుతుంది, పడిన వెంటనే మూత పడుతుంది. వేపుళ్ళకు, పులిహోరకు మాత్రం పోపే పునాది. పప్పుకూ చారుకూ నెయ్యి, పులుసుకూ పచ్చడికీ నూనె అన్నది చాలా ఇళ్ళలో పాటించే వరస, అది పాటించదగ్గదే.

పోపుల పెట్టెలో ఉండేవాటిలో ఇంగువ కథ వేరు. ఒక జాతి మొక్క వేరును గాటు పెడితే కారే పాలు గట్టిపడి ఇంగువ అవుతుంది. ఆ మొక్క అఫ్గానిస్తాన్, ఇరాన్ వంటి చలి, ఎడారి నేలలది. శతాబ్దాల పాటు తెలుగిళ్ళకు ఇంగువ అంత దూరం నుంచే వచ్చింది. పాలంపూర్‌లోని సీఎస్ఐఆర్ సంస్థ శాస్త్రవేత్తలు 2020 అక్టోబరులో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో ఇంగువ మొక్కలు నాటించారు. దుకాణంలో దొరికే ఇంగువ పొడిలో పిండి, జిగురు కలిసే ఉంటాయి. ముద్ద ఇంగువ తెచ్చి నీళ్ళలో నానబెట్టి వాడితే తేడా ఆ పూటే తెలుస్తుంది.

ఆవాల సంగతి ఇంకాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగు వంట వాటిని రెండు పూర్తి భిన్నమైన రుచుల కోసం వాడుతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలకు ఘాటుండదు, గింజ వేగిన కమ్మదనమే ఉంటుంది. అవే ఆవాలను పచ్చిగా, నీళ్ళు చిలకరించి నూరితే ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. ఆవగింజలో వేరువేరు అరల్లో ఉన్న రెండు పదార్థాలు నూరినప్పుడు తడిలో కలిసి ఆ ఘాటును పుట్టిస్తాయి. వాటిలో ఒకటైన ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది, అందుకే వేగిన గింజకు ఆ శక్తి ఉండదు. ఆవకాయలో పడే ఆవపిండి పచ్చిది కావడానికి కారణం ఇదే. అరటికాయ, పనసపొట్టు, కంద వంటి వాటితో చేసే ఆవపెట్టిన కూరలో నూరిన ఆవముద్దను కూర పొయ్యి దిగి, వేడి తగ్గాకే కలుపుతారు. వేడి మీద కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. ఎంజైమ్ అనే మాట పుట్టకముందే గోదావరి జిల్లాల వంటిళ్ళలో ఈ నియమం పాతబడిపోయింది.

కూరల్లో ప్రతి కాయకూ దాని నీటి గుణాన్ని బట్టి నడక మారుతుంది. బీరకాయ, ఆనపకాయ తమ నీళ్ళలో తామే ఉడుకుతాయి, చుక్క నీరు పోసినా రుచి పలచబడుతుంది. ఆనపకాయకు చివర్న పాలు పోసి ఇగిరిస్తే పాలు పోసిన కూర అవుతుంది. బెండకాయను కడిగి, తడి పూర్తిగా తుడిచి, ఆ తర్వాతే తరగాలి. మూత పెట్టకుండా వేయించి, ఉప్పు ఆఖర్న చల్లితే జిగురు తేలదు. వంకాయ ముక్కలు తరగ్గానే ఉప్పు నీళ్ళలో పడాలి, లేకపోతే గాలి తగిలి నల్లబడతాయి.

తర్వాత రోలు. ఊరగాయ ఏడాదికి ఒకసారి పెట్టేది, రోటి పచ్చడి ఆ పూటకు నూరేది. తెలంగాణలో తొక్కు అనే మాట రెంటికీ చెల్లుతుంది. పచ్చడి చేయని కూరగాయ తెలుగు నేల మీద అరుదు. దోసకాయ, వంకాయ, దొండకాయ, కొబ్బరి, కొత్తిమీర సరే, బీరకాయ గీరిన పొట్టు కూడా పచ్చడే. కూరకు కాయ, పచ్చడికి పొట్టు పోగా బీరకాయలో పారేయడానికి తొడిమ తప్ప మిగలదు. నూరడంలో వరస తప్పకూడదు. వేయించిన మిరపకాయలు, పప్పులు, మెంతులు ఉప్పుతో కలిసి ముందు పొడి కావాలి, రాళ్ళ ఉప్పు గరుకు అందుకు సాయపడుతుంది. తర్వాత చింతపండు. ఆఖర్న కూరగాయ పడాలి, అదీ కచ్చాపచ్చాగా నలిగితే చాలు. దోసకాయ ముక్కలను కొందరు అసలు నూరరు, నూరిన కారంలో పచ్చిగా కలిపేస్తారు, కొరికినప్పుడు కరకరలాడాలని. వంకాయను నూనె రాసి నిప్పుల మీద గానీ మంట మీద గానీ తొక్క నల్లబడేదాకా కాలిస్తే ఆ పొగవాసనే పచ్చడికి ప్రాణం.

మిక్సీలో ఈ పచ్చడి రాదా అంటే, వస్తుంది గానీ తీరు వేరు. మిక్సీ బ్లేడు అన్నిటినీ ఒకే మెత్తదనానికి కోస్తుంది, తిరిగే వేగానికి వేడెక్కుతుంది. రోకలి నలగ్గొడుతుంది, ఒక ముక్కను మెత్తగా, పక్కదాన్ని పలుకుగా వదులుతుంది. రోలు లేని ఇంట్లో మిక్సీని ఆపి ఆపి, రెండు క్షణాలకోసారి తిప్పి, పైన చెప్పిన వరసే పాటిస్తే చాలా దగ్గరగా వస్తుంది. చిన్న కల్వం ఉన్నా ఇద్దరికి సరిపడా పచ్చడి నూరుకోవచ్చు.

పులుసుకూ చారుకూ ఒకే చింతపండు, తేడా అంతా చిక్కదనంలో, మరిగించే తీరులో ఉంది. నలుగురికి పులుసు పెట్టాలంటే నిమ్మకాయంత చింతపండు, చారుకైతే ఉసిరికాయంత. ఈ పాత కొలతలు చంచాల కంటే నమ్మదగ్గవి, వంట చేసేవారి చేతికి తెలిసినవి. ముక్కల పులుసులో గుమ్మడి, ఆనప, బెండ, మునగ ముక్కలు ముందే ఉడకాలి, పప్పు విషయంలో చెప్పిన నియమమే ఇక్కడా వర్తిస్తుంది. కాస్త బెల్లం పులుపు అంచును మొద్దుబారుస్తుంది, చెంచాడు బియ్యప్పిండి చిక్కదనమిస్తుంది. మజ్జిగ పులుసులో శనగపిండికి ఇంకో పని ఉంది. వేడికి మజ్జిగ విరిగిపోకుండా అది పట్టి ఉంచుతుంది. చారు మాత్రం ఎక్కువ మరగకూడదు. చారుపొడి, అంటే ధనియాలు, మిరియాలు, జీలకర్ర, కాస్త కందిపప్పు, ఎండుమిర్చి వేయించి కొట్టిన పొడి, పడ్డాక ఒక పొంగు రాగానే దించాలి. మరిగేకొద్దీ మిరియం, ధనియం వాసన ఆవిరైపోతుంది.

పుల్లనివాటికి గిన్నె కూడా చూసి వాడేవారు. రాతిని తొలిచి చేసిన రాచిప్ప పులుపుతో కలబడదు, పొయ్యి దింపాక కూడా చాలాసేపు వేడి నిలుపుతుంది. ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి పూయించనిదే పులుసు కాచేవారు కాదు, పులుపు తగిలితే ఇత్తడి చిలుమెక్కుతుంది. తెలంగాణ పచ్చిపులుసుకు పొయ్యితోనే పని లేదు. చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర నలిపి, పైన పోపు పెడితే అయిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నానికి ఇంతకంటే తెలివైన వంట ఇంకోటి లేదు.

పులుపు ఈ నేలకు చాలా పాతది, కారం అంత పాతది కాదు. మిరపకాయ అమెరికా ఖండాల పంట. 1498 తర్వాత పోర్చుగీసు ఓడల ద్వారా మన తీరాలకు చేరింది. టమాటా, వేరుశనగ కూడా సముద్రం దాటి వచ్చినవే. 16వ శతాబ్ది ఆరంభంలో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ రుతువులో ఏం వడ్డించాడో వర్ణించాడు. అందులో చలికాలపు వడ్డనలో మిరియాల పొడితో వేడి కూరలు, ముక్కుకెక్కే ఆవ పచ్చళ్ళు ఉన్నాయి. వేసవి వడ్డనలో చారు, మజ్జిగ పులుసు, పళ్ళు ఉన్నాయి. మిరపకాయ ఊసు లేదు. కారమంటే అప్పుడు మిరియం, ఆవ. గుంటూరు మిరపకు పుట్టినిల్లని ఈనాడు నమ్మే మనసుకు ఇది వింతగా తోచవచ్చు గానీ, ఆనాటి ఆ వడ్డనను ఈనాటి తెలుగువారెవరైనా గుర్తుపడతారు. అన్నం, పప్పు, కూర, పచ్చడి, చారు, పెరుగు అనే వరస మారలేదు.

ప్రాంతాన్ని బట్టి అన్నం స్థానంలోకి వేరే ధాన్యం వచ్చినా ఈ పొందిక చెడదు. రాయలసీమలో రాగి సంగటికి చెనక్కాయల ఊరిబిండి, తెలంగాణలో జొన్నరొట్టెకు పుంటికూర జత. పుంటికూర అంటే గోంగూరే. ఉత్తరాంధ్రలో పులుసులో బెల్లం పాలు కాస్త పెరుగుతుంది. కృష్ణా జిల్లాలో ఉలవలు ఉడికించిన నీటిని చిక్కగా కాచి ఉలవచారు చేస్తారు, పైన మీగడ వేసుకుంటారు.

పనిరోజున ఇవన్నీ వండాలని ఎవరూ అనరు. ఒక పప్పు, ఒక వేపుడు, ఒక చారు ఉంటే అది నిండు భోజనమే. నలుగురికి రెండు గ్లాసుల బియ్యం, అరగ్లాసు కందిపప్పు సరిపోతాయి. ముందు పప్పు నానేసి, చింతపండు నానేసి, కూర తరుక్కుంటే పొయ్యి వెలిగాక గంటలోపు వంట ముగుస్తుంది. పచ్చడి ఉదయమే నూరుకోవచ్చు, ఆ పూటంతా నిలుస్తుంది. అరిటాకులో వడ్డిస్తే ఆకు కొస తినేవారి ఎడమవైపు ఉండాలి. తినే వరస కూడా వండిన వరస లాంటిదే. పప్పు, కూర, పచ్చడి, పులుసు, చారు, చివరికి పెరుగు. బరువైన రుచి నుంచి తేలికైన రుచికి దిగుతూ, కారంతో మండిన నోటికి పెరుగన్నంతో ఊరట దొరుకుతుంది. పాల పదార్థాల్లోని కేసీన్ మిరప కారాన్ని పట్టుకుని నాలుక మీద నుంచి తీసుకుపోతుంది, నీళ్ళు ఆ పని చేయలేవు.

పెరుగు రేపటిది ఈ రాత్రే సిద్ధం కావాలి. కాచిన పాలు వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లారనివ్వాలి. మరీ వేడిగా ఉంటే తోడులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, చల్లబడిపోతే అవి కదలవు. అరలీటరు పాలకు చెంచాడు పెరుగు చాలు. చలికాలంలో కాస్త ఎక్కువ వేసి, గిన్నెకు గుడ్డ చుట్టి పెట్టాలి. ఎక్కువ తోడు వేస్తే పెరుగు పులుస్తుంది. అందరూ తిన్నాక, గిన్నెలు కడిగాక, పొయ్యి తుడిచాక పాలకు తోడు పెడితే ఆ రోజు వంట పని పూర్తయినట్టు.